నెలసరి ప్యాడ్ల తయారీ నేర్చుకుందాం – 4వ పాఠం: చుక్క కిందికి దిగాలి, తిరిగి పైకి రాకూడదు

పల్ప్ (చెట్టు గుజ్జు) షీటుని యంత్రంలో వేసి పీచు చెయ్యడం, ఆ పీచుని అచ్చులో పోసి నొక్కడం, పైగుడ్డా కిందిపొరా వేసి అంచులు సీల్ చెయ్యడం పోయిన మూడు పాఠాల్లో అయిపోయాయి. చేతిలో ప్యాడ్ ఉంది. చూడ్డానికి బజారు ప్యాడ్ లాగే ఉంది. చాలా సంఘాలు ఇక్కడితో ఆపేసి ప్యాకింగులో పడిపోతాయి. మొదటి నెల వదినలూ తోడికోడళ్లూ మొహమాటానికి కొంటారు, రెండో నెల కొనరు. ఎందుకు కొనలేదో మాత్రం ఎవరూ చెప్పరు. పచ్చడిలో ఉప్పెక్కువైతే సంతలోనే నిలదీసి అడిగే మనిషి, చీరకి మరకైందని అమ్మినావిడ మొహం మీద అంటుందా? మన సరుకు మీద ఫిర్యాదు రాదు, గిరాకీ మాత్రం పోతుంది. కాబట్టి ఆవిడ నోరు విప్పి చెప్పనిది మనమే ముందుగా ప్యాడ్‌ని అడిగి తెలుసుకోవాలి. ఈ పాఠమంతా ఆ పరీక్ష గురించే.

కావలసినవి పర్లాకిమిడి బజార్లోనే దొరుకుతాయి. మందుల షాపులో సూది లేకుండా 10 మి.లీ. సిరంజి, ఒక గాజు పలక, తెల్లటి టిష్యూ కాగితాలు, సరిగ్గా కిలో తూగే బియ్యం ప్యాకెట్టు, గ్రాములు చూపించే చిన్న కాటా, గడియారం. ఇక నీళ్లు. ఉత్త నీళ్లతో పరీక్ష చెయ్యకండి. అర లీటరు నీళ్లలో 4.5 గ్రాముల ఉప్పు, అంటే చెంచాకి కాస్త తక్కువ, వేసి కలపండి. రక్తంలో ఉప్పు ఉంటుంది కదా. ముఖ్యంగా కోర్‌లో, అంటే ప్యాడ్ లోపలి పీచు పొరలో, జెల్ పౌడరు కలిపేవాళ్లు ఇది మర్చిపోకూడదు. ఆ పౌడరు ఉత్త నీళ్లయితే తన బరువుకి వందల రెట్లు తాగేస్తుంది. ఉప్పునీళ్లయితే 30, 40 రెట్ల దగ్గర ఆగిపోతుంది. పౌడరు అమ్మేవాడు గ్లాసుడు మంచినీళ్లు పోసి గడ్డ కట్టించి చూపిస్తే చప్పట్లు కొట్టెయ్యకండి, గ్లాసులో ఉప్పు వెయ్యమనండి.

నీళ్లలో మిఠాయి రంగు కలపండి, ఎర్రదే. టీవీ ప్రకటనల్లో నీలం పోస్తారని మనమూ నీలం పోస్తే మరక ఎంతదో కంటికి ఆనదు. గదిలో గుడ్డ రోలు (చుట్ట) దించడానికి వచ్చిన మగవాళ్లుంటే ఉండనివ్వండి. చేసే పనిలో తప్పేముంది?

ఎంత పొయ్యాలి? మన దేశపు ప్రమాణం ఐఎస్ 5405. దాని 1980 నాటి రూపంలోని లెక్క ఇది: 30 మి.లీ. ద్రవం, నిమిషానికి 15 మి.లీ. చొప్పున ప్యాడ్ నడిమధ్యలో పడాలి, తర్వాత కిలో బరువు ఒక నిమిషం పెట్టాలి, అడుగునా పక్కలా తడి కనబడకూడదు. నెలసరి మొత్తానికి పోయే రక్తమే మామూలుగా 30, 40 మి.లీ. ఉంటుంది. 80 దాటిందంటే ఎక్కువే, డాక్టరుకి చూపించుకోవాలి. మరి ఒక్క ప్యాడ్‌కి 30 ఎందుకంటే, బయటికి వచ్చేది రక్తమొక్కటే కాదు, వచ్చేది సమంగానూ రాదు. పొద్దున్న లేచి నిలబడ్డప్పుడు ఒక్కసారిగా దిగుతుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చెయ్యండి. గాజు పలక మీద రెండు టిష్యూలు, వాటి మీద ప్యాడ్. వెనక జిగురు మీది కాగితం తియ్యకండి. సిరంజి కొనని పైగుడ్డకి వేలెడు ఎత్తులో పట్టుకుని, ఒక్కో సిరంజికి 40 సెకన్లు పట్టేలా నెమ్మదిగా నొక్కండి. మూడు సిరంజిలు. పోస్తున్నంతసేపూ పైగుడ్డనే చూడండి, అసలు పాఠం అక్కడుంది. చుక్క పడగానే లోపలికి దిగిపోవాలి. ఎర్రటి మచ్చ ప్యాడ్ పొడుగునా సాగాలి గానీ అడ్డంగా అంచుకి పరిగెత్తకూడదు.

చుక్క దిగకుండా పూసలా పైనే దొర్లిందనుకోండి, తప్పు మీ చేతిలో లేదు, రోలులో ఉంది. పైగుడ్డగా వేసే నాన్‌వోవెన్ (నెయ్యకుండా చేసిన) గుడ్డ అసలు స్వభావానికి నీటిని పీల్చదు. ప్యాడ్ల కోసం దానికి వేరే పూత పూస్తారు. సంచులు కుట్టే నాన్‌వోవెన్ కూడా తెల్లగా, మెత్తగా, అచ్చం అలాగే ఉంటుంది, ధర తక్కువ. తేడా తెలియక కొనేవాళ్లున్నారు, తెలిసీ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. రోలు కొనేటప్పుడే దుకాణంలో ఒక చుక్క వేసి చూసి, అప్పుడు డబ్బులివ్వండి.

మూడు సిరంజిలూ పోశాక ఒక పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, బియ్యం ప్యాకెట్టు పెట్టి నిమిషం ఆగండి. తీసి కింది టిష్యూలు చూడండి. పక్కల తడైతే కోర్ అంచు దాకా వచ్చేసిందని, లేదా సీలు వదిలిందని అర్థం. అడుగున తడైతే కిందిపొరకి ఎక్కడో చిల్లుంది.

ఆ తర్వాత ప్రమాణంలో లేని ఒక మెట్టు నా సొంతంగా చేర్చుకున్నాను. పొడి టిష్యూ ఒకటి తూకం వేసి పైగుడ్డ మీద పరచండి, మళ్లీ అదే బరువు పెట్టి, తీసి మళ్లీ తూచండి. పెరిగిన ప్రతి గ్రామూ ఆవిడ ఒంటికి అంటే తడి. తొడలు ఒరుసుకుపోయేది దీనివల్లే. మరక పడని ప్యాడ్‌ని కూడా మళ్లీ కొనకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. కోర్ వదులుగా ఉంటే ఈ తడి ఎక్కువొస్తుంది. అలాగని మరీ గట్టిగా నొక్కితే నీళ్లు దిగడమే ఆలస్యమై పక్కలకి పారతాయి. ఒకే తూకం పీచుతో మూడు రకాల ఒత్తిడిలో మూడు ప్యాడ్లు చేసి పోల్చితే మీ అచ్చుకి ఏది సరిపోతుందో అదే తేలిపోతుంది.

గుణుపురం వైపు నుంచి ఒక అక్క అడిగారు: "ఇంత తంటా ఎందుకండీ, ఇంకో గుప్పెడు దూది ఎక్కువ పెట్టేస్తే పోలేదా?" పోదండీ. దూది పీలుస్తుంది గానీ ఒత్తిడి పడితే పట్టుకోలేదు. కోయంబత్తూరు మురుగానందం గారు, 2016లో పద్మశ్రీ వచ్చిన ఆయనే, మొదట దూదితోనే చేసి విఫలమయ్యారు. కంపెనీల ప్యాడ్లలో ఉన్నది చెట్టు పీచని తెలిశాకే ఆయన చిన్న యంత్రం పుట్టింది. లావు పెంచితే సైకిలు తొక్కే పిల్లకి, చేలో వంగి నాటు వేసే మనిషికి ఇబ్బంది తప్ప లాభం లేదు.

వానాకాలం సంగతి ఒకటి. మహేంద్రతనయ నది పొంగే రోజుల్లో పీచు గాలిలోని తేమని దాదాపు పదో వంతు దాకా పట్టేస్తుంది. కాటా 10 గ్రాములు చూపిస్తుంది, అందులో పీచు 9 గ్రాములే ఉంటుంది. జూన్‌లో బాగున్న ప్యాడ్ ఆగస్టులో కారడానికి యంత్రాన్ని తిట్టి లాభం లేదు. పీచుని మూత ఉన్న డ్రమ్ములో పెట్టండి, ఆ రోజుకి కావలసినంతే తియ్యండి.

ప్యాడ్ల మీది క్రిముల్ని చంపే నీలం దీపం (యూవీ) పెట్టె గురించి రెండు మాటలు. యూవీ వెలుతురు పడ్డ చోటే పనిచేస్తుంది, నీడలో పనిచెయ్యదు. ప్యాడ్లు దొంతరగా పేర్చి పెడితే పైదానికే వైద్యం, మిగతావి ఉత్తినే కూర్చున్నట్టు. ఒక్క వరసలో పరచండి, తిప్పి రెండోవైపూ పెట్టండి, వెలుగుతున్నప్పుడు కళ్లు పెట్టి చూడకండి. ఇంకోటి, బల్బు పాతబడ్డాక కూడా నీలంగానే వెలుగుతుంది, దాని శక్తి మాత్రం పోయి ఉంటుంది. కొన్న తేదీ దాని మీదే రాసిపెట్టుకోండి. క్రిములు పోయాయో లేదో మన సిరంజి చెప్పలేదు. దానికి ల్యాబ్‌కి పంపాల్సిందే. ఐఎస్ 5405ని 2019లో సవరించారు కాబట్టి పంపేటప్పుడు ఆ కొత్త రూపం ప్రకారమే పరీక్షించమని అడగండి.

అభ్యాసం: పొద్దున్న చేసినవాటిలో ఒకటి, భోజనాలయ్యాక ఒకటి, రోలు గానీ మనిషి గానీ మారినప్పుడల్లా ఒకటి పరీక్షించి పుస్తకంలో రాయండి. తేదీ, తూకం, చేసిందెవరు, పక్క తడి, అడుగు తడి, పైకొచ్చిన గ్రాములు. పేరు రాసేది తిట్టడానికి కాదని ముందే చెప్పండి, లేకపోతే పుస్తకంలో అన్నీ సున్నాలే కనిపిస్తాయి. బజారు ప్యాడ్ ఒకటి కొని దానికీ ఇదే పరీక్ష చేసి మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.

5వ పాఠంలో ధర కట్టడం. 2018లో మొదలైన ఖుషీ పథకంతో మన ఒడిశా ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. జన ఔషధి షాపులో 2019 నుంచి ప్యాడ్ రూపాయికి అమ్ముతున్నారు. వాళ్లతో పోటీ పడకుండా మనం ఎవరికి, ఎంతకి అమ్మాలో లెక్క వేద్దాం. ప్యాడ్ మీద జీఎస్టీ 2018 జూలైలో తీసేసినా, ముడిసరుకు మీద మనం కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. అది కూడా ధరలో పడాలి. రోలు బిల్లు, పల్ప్ బిల్లు, గత రెండు నెలల కరెంటు బిల్లు తీసి పెట్టుకోండి.