బీడు చేలోకి తిరిగొచ్చిన అడవి జీవాల లెక్క తీయడం ఎలా

ఉదయగిరి నుంచి పామూరు, కనిగిరి దాకా మెట్టలో బోర్లు ఎండి, కూలి గిట్టక వదిలేసిన చేలు కనిపిస్తూనే ఉంటాయి. నాలుగైదేళ్లు నాగలి పడకపోతే తంగేడు, రేగు, పరికి లేస్తాయి. దగ్గర్లో సర్కారు తుమ్మ ఉంటే అన్నిటికంటే ముందు అదే దూరుతుంది. అలాంటి చేలో నక్క కనిపించిందనో, నెమలి కూసిందనో చెబితే అది కబురు. దాన్ని లెక్క అనాలంటే ఎంత నేలలో, ఎంతసేపు, ఎన్నిసార్లు వెతికారో ముందు రాసి ఉండాలి. ఏమీ కనిపించని పొద్దు కూడా కాగితం మీద సున్నాగా పడాలి. ఎక్కువమంది వదిలేసేది ఆ సున్నానే. అది లేకపోతే వచ్చే ఏటి అంకెను దేనితోనూ పోల్చలేం.

చేను ఎన్నేళ్లుగా బీడో ముందు తేల్చండి. సర్వే నంబరు పట్టుకుని పాత అడంగళ్లు (ఊరి సాగు లెక్కల పుస్తకాలు) తిరగేస్తే ఫసలీ వారీగా, అంటే జులైతో మొదలయ్యే రెవెన్యూ ఏడు వారీగా, పంట పేరు ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1434 ఫసలీ అంటే 2024 జులై నుంచి 2025 జూన్ దాకా. అయితే పైరు లేకపోయినా పాత పంట పేరే దిగిపోవడం కద్దు కాబట్టి, అక్కడ గొర్రెలు తోలే మనిషిని కూడా అడగండి. ఏ ఏడు నుంచి మేపుతున్నాడో ఆయనకు బాగా గుర్తుంటుంది. చివరి పంట వేరుశనగా, పొగాకా, జామాయిలా అన్నదీ రాసుకోండి. మోళ్లు మిగిలిన జామాయిల్ తోట, చదునుగా దున్నిన వేరుశనగ చేను ఒకే తీరుగా మారవు.

25 ఎకరాల నేల తీసుకుంటే పని సులువు. అంటే సుమారు 10 హెక్టార్లు. చదరంగా ఉంటే ఒక్కో వైపు 318 మీటర్లు. అందులో పిట్టలను లెక్కపెట్టడానికి నిలబడే చోట్లు 200 మీటర్ల ఎడంతో నాలుగు సరిగ్గా పడతాయి, అంచు నుంచి ఒక్కోటి 59 మీటర్లు లోపలికి ఉంటుంది. చోట్లను రాయి మీద సున్నం పూసి గుర్తు పెట్టండి. చెట్లకు గుడ్డ పేలికలు కడితే మేకలు వదలవు. ఇలాగే మరో నాలుగు చోట్లు, అదే రకం నేలలో ఇంకా సాగులో ఉన్న పక్క చేలో పెట్టాలి. ఆ జత లేకుండా బీడులో వచ్చిన మార్పు బీడు వల్లా, ఆ ఏటి వానల వల్లా అన్నది చెప్పలేం.

పిట్టల లెక్క

మన వైపు, ముఖ్యంగా నెల్లూరు వైపు, పెద్ద వానలు అక్టోబరు–డిసెంబరుల్లో పడతాయి. అందుకని వానలు వెనకపట్టాక జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా ఒక విడత, ఏప్రిల్ మొదట్లో ఒకటి, ఆగస్టులో ఒకటి పెట్టుకోవాలి. చలికాలం వలస పిట్టలు మొదటి విడతలోనే దొరుకుతాయి. ఒక్కో విడతకు ఒక్కో చేనికి మూడు ఉదయాలు. పొద్దు పొడిచిన అరగంటలోపు మొదలుపెట్టి ఒక్కో చోట 10 నిమిషాలు నిలబడండి. విడతకు 120 నిమిషాల చూపు అవుతుంది. తొమ్మిది దాటితే పిట్టలు సద్దుమణుగుతాయి, ఆపేయండి. మూడు రోజులూ ఒకే వరసలో నడవకండి. అలా నడిస్తే మొదటి చోటుకే ఎప్పుడూ తెల్లవారుజాము కూతలు దక్కి, నాలుగోది ఉత్త బీడులా కనిపిస్తుంది.

చోటుకు చేరాక రెండు నిమిషాలు కదలకుండా ఉండి, ఆ తర్వాతే గడియారం చూడండి. ప్రతి పిట్టకూ దూరం రాయాలి: 25 మీటర్లలోపు, 25–50, 50 పైన. అసలు మోసం ఇక్కడే జరుగుతుంది. చదును బీడులో తీతువు 100 మీటర్ల దూరం నుంచే కనిపిస్తుంది. తుమ్మ గుబురులో 20 మీటర్లకే చూపు ఆగిపోతుంది. మొత్తం అంకెలు పోలిస్తే తుమ్మ తోపు ఖాళీ అనిపిస్తుంది. అందుకే రెండు రకాల నేలలను పోల్చేటప్పుడు 25 మీటర్లలోపు పిట్టలనే తీసుకోవాలి. కళ్ల అంచనా నమ్మకండి, మొదటి రోజు 25 మీటర్ల తాడు వేసి కొలిచి చూసుకోండి.

పచ్చదనం పెరిగితే జీవాలన్నీ పెరిగాయనుకోవడం మరో పొరపాటు. పూరేడు, లార్క్ పిట్టలు, తీతువు బయలు నేల కోరుకునేవి. తుమ్మ కమ్ముకుంటే అవి వెళ్లిపోయి పిగిలిపిట్ట, గువ్వ, అడవిపంది మిగులుతాయి. అందుకే మొత్తం ఎన్ని రకాలు అన్న ఒక్క అంకెతో సరిపెట్టకుండా, బయలు పిట్టలను, పొద పిట్టలను విడివిడిగా లెక్క కట్టండి.

అడుగుజాడలు

రాత్రి తిరిగే జీవాలకు తక్కువ ఖర్చులో దుమ్ము పట్టీని మించింది లేదు. కడప జిల్లా లంకమలలో 1986లో మళ్లీ బయటపడ్డ అరుదైన పిట్ట కలివికోడిని ఆ తర్వాత వెతకడానికి కూడా ఇలాంటి పట్టీలు వాడారు. గెనిమ (చేని గట్టు) తెగిన చోట, కాలిబాటకు అడ్డంగా, 5 మీటర్ల పొడవు, అడుగున్నర వెడల్పు నేల గీకి, జల్లెడ పట్టిన మట్టి 2 సెంటీమీటర్ల మందాన పరిచి, పలకతో చదును చేయండి. చేనికి 8 పట్టీలు, మూడు రాత్రులు: 24 పట్టీ-రాత్రులు. గొర్రెలు ఇల్లు చేరాక సాయంత్రం చదును చేసి, అవి మళ్లీ రాకముందే, పొద్దు ఏటవాలుగా ఉండగానే చూడాలి. ఎండ నడినెత్తికి వస్తే జాడలో నీడ చచ్చిపోతుంది. వాన పడినా, గాలికి చెరిగినా ఆ పట్టీని లెక్కలోంచి తీసేయాలి. దాన్ని సున్నా అని రాయకూడదు.

కుక్క అడుగు వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది, నడక అటూ ఇటూ పోతుంది. నక్క అడుగు కోలగా, సుమారు 5 సెంటీమీటర్లు. ముందుకాలి జాడలో మధ్య రెండు వేళ్ల మెత్తలు అడుగున కలిసిపోయి ఉంటాయి, నడక తాడు లాగినట్టు తిన్నగా సాగుతుంది. గుంటనక్కది ఇంకా చిన్నది. పిల్లిజాతి జాడలో గోళ్లు పడవు. పెంటికల దగ్గర అందరూ పప్పులో కాలేస్తారు: కుందేలుది కాస్త నొక్కిన గుండ్రటి బిళ్ల, చిదిపితే ఎండుగడ్డి పీచు పొడిపొడిగా రాలుతుంది. మేకది నల్లగా, నున్నగా, కోలగా ఉండి కుప్పగా పడుతుంది. గెనిమ మీద రాయికెక్కి పెట్టిన, రేగుగింజలు నిండిన పెంట నక్కదో పునుగుపిల్లిదో కావచ్చు. పక్కన జాడ లేకపోతే ‘తెలియదు’ అని రాయండి.

కెమెరా పెట్టేవాళ్లకు కొన్ని ముక్కలు: ఎత్తు 30–40 సెంటీమీటర్లు, బాటకు రెండు మూడు మీటర్ల దూరం, ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. ఎదుట గడ్డి కోసేయకపోతే గాలికి ఊగే పోచలే వందల ఫొటోలవుతాయి. మే నెల పగళ్లలో పరిసరాల వేడి, జంతువు ఒంటి వేడి దగ్గరదగ్గరగా వచ్చి సెన్సర్‌కు తేడా అందదు, కాబట్టి ఆ నెలను నమ్ముకోకండి. నాలుగు కెమెరాలు 20 రాత్రులు పెడితే 80 రాత్రులు. ఒకటి ఏడో రాత్రి ఆగిపోతే 67 అనే రాయాలి. ఒకే నక్క పది ఫొటోల్లో పడితే పది నక్కలు కావు. అరగంట ఎడం ఉంటేనే రెండోసారి కింద లెక్క వేయండి. ఊరకుక్కలు, మేకలు, మనుషులు పడ్డ ఫొటోలు చెరిపేయకండి. గుంటనక్క ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు ఒక్కోసారి వాటిలోనే ఉంటుంది. పట్టా భూమిలో రైతు ఒప్పుకోవాలి, అడవి హద్దు దాటితే అటవీ శాఖ అనుమతి కావాలి.

చీకట్లో చేలోకి దిగే ముందు చుట్టుపక్కల రైతులతో మాట్లాడండి. పందుల కోసం దొంగగా లాగిన కరెంటు తీగ ఒక్కటి చాలు. చీలమండ దాటే బూట్లు, చేతిలో టార్చి తప్పనిసరి. రాళ్ల కింద చెయ్యి పెట్టొద్దు, రక్తపింజర, చిన్నపింజర రెండూ ఈ నేలవే. కాటు పడితే కట్టు బిగించకుండా, కోయకుండా, కాటు పడ్డ కాలో చెయ్యో కదలనీయకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

కాగితంలో ఒక వరస ఇలా ఉంటే చాలు: తేదీ, చోటు, మొదలు–ముగింపు, గాలి, జీవం, ఎన్ని, దూరం, చూశామా విన్నామా, మేకలు ఎన్ని. పిట్టల జాబితాను ఈబర్డ్‌లో (పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించవచ్చు. నక్షత్ర తాబేలు, అలుగు కనిపిస్తే మాత్రం ఊరి పేరు, సర్వే నంబరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, ఫొటోలోంచి లొకేషన్ తీసేయండి. రెండిటికీ కొనేవాళ్లున్నారు. ఆ వరస ఒక్కటి విడిగా రాసుకుని అటవీ రేంజి అధికారికి ఇవ్వండి.