కదిలే తీరం మీద నడకబాట వేయడం ఎలా?

సముద్రతీరంలో ఖాళీ స్థలాన్ని కాపాడాలనుకునేవాళ్లు మొదట చేసే పని చుట్టూ కంచె వేయడం. అది ఎక్కువ కాలం నిలవదు. సముద్రం కనిపిస్తున్నప్పుడు జనం ఎలాగోలా అక్కడికి వెళ్తారు, కంచె తెగిన ప్రతిచోటా ఒక దారి పడుతుంది. ఇసుక తిన్నె మీద పది దారులు పడ్డాక గడ్డి చస్తుంది, గడ్డి పోయాక ఇసుక ఎగిరిపోతుంది. మంచి బాట ఒక్కటి ఉంటే కాళ్లన్నీ దాని మీదే పడతాయి, మిగతా నేల బతుకుతుంది. అందుకే బాట వేయడాన్ని రక్షణలో భాగంగానే చూడాలి.

కొండల్లోనో అడవిలోనో బాట వేసిన అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. తీరంలో నేల ఒకచోట ఉండదు. గట్టు వెనక్కి తగ్గుతుంది, తిన్నె జరుగుతుంది, పోటు గీత మారుతుంది. కాగితం మీద రాసుకునే హక్కూ, నేలలో పాతే గుంజా రెండూ అవసరమైనప్పుడు జరగగలిగేలా ఉండాలి. కింద చెప్పే వివరాలన్నిటికీ మూలం ఇదే.

పని మొదలుపెట్టే ముందు

కనీసం ఒక ఏడాది ఆ నేల మీద తిరగండి. అమావాస్య, పౌర్ణమి పోట్లప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూడండి. తుపాను వెలిసిన మర్నాడు నాచు, పుల్లలు, చెత్త ఒక వరుసగా పేరుకుని ఉంటాయి. ఆ వరుసను పటం మీద గీసుకోండి. ఏ కట్టడమూ దానికి సముద్రం వైపు రాకూడదు.

నిటారు గట్టు ఉంటే, దానికి బాగా వెనక కదలని చోట రాయి పాతి, అక్కడి నుంచి అంచు దాకా టేపుతో కొలిచి రాసిపెట్టండి. పాత సర్వే పటాలు, 20, 30 ఏళ్ల నాటి విమాన ఛాయాచిత్రాలు దొరికితే కోత వేగం లెక్క తేలుతుంది. ఏడాదికి సగటున 20 సెంటీమీటర్లు పోతోందనుకుందాం. బాట 50 ఏళ్లు ఉండాలంటే 10 మీటర్లు వదలాలి. ఒక్కసారిగా విరిగిపడే ముక్క వెడల్పును దానికి కలపాలి. అది 5 మీటర్లయితే, బాట అంచుకు 15 మీటర్లు లోపల ఉండాలి. ఈ రెండో అంకెను చాలామంది వదిలేస్తారు. గట్టు ఏటా కొంచెం కొంచెంగా తరగదు. పదేళ్లు చెక్కుచెదరకుండా ఉండి ఒక్క రాత్రిలో నాలుగు మీటర్లు కూలుతుంది. అంచుకు సమాంతరంగా నేలలో పగుళ్లు కనిపిస్తే వాటికి సముద్రం వైపున్న నేల అంతా పోయినట్టే లెక్క వేసుకోండి.

జనం ఇప్పటికే తొక్కిన దారులనూ గుర్తించండి. అవి ఎక్కడికి వెళ్తున్నాయో అక్కడికి కొత్త బాట కూడా వెళ్లాలి, లేకపోతే దాన్ని ఎవరూ వాడరు. పడవలు ఒడ్డుకు లాగే చోటు, వలలు ఆరబెట్టే చోటు, పక్షులు గుడ్లు పెట్టే ఇసుక మేట, వానాకాలంలో నీళ్లు నిలిచే పల్లం, ఇవన్నీ పటం మీదికి ఎక్కాలి. చేపల మీద బతికేవాళ్లతో మాట్లాడకుండా గీసిన గీత ఏదైనా తర్వాత చెరిపి మళ్లీ గీయాల్సిందే.

హక్కు పత్రం

నేలను కాపాడటానికి దారులు మూడు: కొనడం, విరాళంగా తీసుకోవడం, యజమాని చేతిలోనే ఉంచి కట్టడాలు రాకుండా శాశ్వత ఒప్పందం రాయించుకోవడం. బ్రిటన్‌లో నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ 1965లో నెప్ట్యూన్ పేరుతో తీరభూముల కొనుగోలుకు చందాలు సేకరించింది. వేల్స్‌లోని గోవర్ ద్వీపకల్పంలో వైట్‌ఫర్డ్ బరోస్ అలా వచ్చిన మొదటి స్థలం. ఫ్రాన్స్ 1975లో ఇదే పని కోసం ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థను పెట్టింది. మరుసటి ఏడాది చేసిన చట్టంలో తీరం వెంట ఉన్న ప్రైవేటు భూముల్లో 3 మీటర్ల వెడల్పున నడిచే హక్కు ఇచ్చింది.

పత్రం రాసేటప్పుడు బాటను స్థిరమైన సర్వే బిందువులతో మాత్రమే గుర్తిస్తే, ఆ బిందువులు సముద్రంలో కలిసిన రోజున హక్కు కూడా కలిసిపోయిందనే వాదన మొదలవుతుంది. ‘గట్టు అంచు నుంచి ఇన్ని మీటర్లు’, ‘సగటు పోటు గీత నుంచి ఇన్ని మీటర్లు’ అని రాయండి. ఆ గీత ఎటు జరిగితే హక్కు కూడా అటే జరుగుతుందని వేరే వాక్యంలో స్పష్టం చేయండి. ఇంగ్లండ్ తీరబాట కోసం 2009లో వచ్చిన చట్టం కోత పడినకొద్దీ బాట లోపలికి జరిగే వీలు కల్పించింది. సగటు పోటు గీతను ఒక ఏడాది కొలతలతో తేల్చకూడదు. చంద్రుడి కక్ష్య వల్ల పోట్ల ఎత్తు 18.6 ఏళ్ల చక్రంలో హెచ్చుతగ్గులవుతుంది. అమెరికాలో అందుకే 19 ఏళ్ల సగటు తీసుకుంటారు.

ఆ హక్కును స్వీకరించి, నిర్వహించేది ఎవరన్నది కూడా పత్రంలోనే తేలాలి. కాలిఫోర్నియాలో ఒడ్డున ఇల్లు కట్టుకునేందుకు అనుమతి ఇస్తూ, సముద్రానికి దారి వదులుతామని యజమానుల చేత రాయించుకునేవారు. వాటిలో చాలావాటికి గడువు 21 ఏళ్లు. ఆలోగా ఏదైనా సంస్థ ముందుకొచ్చి బాధ్యత తీసుకోకపోతే ఆ హామీకి విలువ ఉండదు. మాలిబూలో 1983లో రాసిచ్చిన ఒక దారి జనానికి తెరుచుకున్నది 2005లో. గేటు తాళం ఎవరి దగ్గర, చెత్త ఎవరు తీస్తారు, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అన్నవి మొదటి రోజే రాసుకోండి.

గట్టి నేల మీద బాట

బాటకు మొదటి శత్రువు నీరు. తొక్కిడి వల్ల కలిగే నష్టం దాని తర్వాతే. నీరు బాట వెంట పారకుండా అడ్డంగా దాటి కిందికి పోవాలి. అందుకు మూడు కొలతలు గుర్తుంచుకోండి.

బాట వాలు కొండవాలులో సగానికి మించకూడదు. కొండ 16 శాతం వాలుగా ఉంటే బాట 8 శాతం లోపే ఉండాలి. అంతకు మించితే నీరు అడ్డంగా దాటదు, బాటనే కాలువ చేసుకుంటుంది. మొత్తం మీద సగటు వాలు 10 శాతం దాటకుండా చూడండి. చక్రాల కుర్చీలు కూడా వెళ్లాలంటే 5 శాతం దగ్గర ఆపాలి. నడకకు మీటరు వెడల్పు చాలు. చక్రాల కుర్చీలు ఎదురుపడే చోట్ల మీటరున్నర ఉండాలి.

బాట అడ్డకోతలో బయటి అంచు వైపు 5 శాతం వాలు ఇవ్వండి. అంటే మీటరు వెడల్పుకు 5 సెంటీమీటర్ల దింపు. ఇక మూడోది, ప్రతి 8 నుంచి 15 మీటర్లకు ఒకచోట బాట కాస్త దిగి మళ్లీ ఎక్కాలి. ఆ పల్లంలో నీరు బయటికి జారిపోతుంది. బాటకు అడ్డంగా దుంగ పెట్టి నీటిని మళ్లించే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది. దుంగ వెనక రెండు మూడు వానలకే మట్టి పూడిపోతుంది, నీరు దాని మీదుగా దూకి కింద గుంట తవ్వుతుంది. వీలైనంతవరకు పల్లమే మంచిది.

వాలు కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 2 మీటర్ల తిన్నని కర్ర మీద స్పిరిట్ లెవెల్ కట్టండి. కర్ర ఒక కొస ఎగువ నేల మీద ఆనించి, దిగువ కొసను బుడగ నడిమికి వచ్చేదాకా ఎత్తండి. కింద ఖాళీ 20 సెంటీమీటర్లుంటే వాలు 10 శాతం, 10 ఉంటే 5 శాతం. అలా కొలుచుకుంటూ మూడేసి మీటర్లకు ఒక రంగు గుడ్డ కట్టండి. గుడ్డలన్నీ కట్టాక రెండు వైపుల నుంచీ నడిచి చూసి, అప్పుడు పార పట్టండి.

వాలులో బాట వెడల్పంతా కొండను తవ్విన గట్టి నేల మీదే రావాలి. సగం తవ్వి, ఆ మట్టినే కిందివైపు పోసి మిగతా సగం చేస్తే పని తొందరగా అవుతుంది కానీ, పోసిన సగం రెండో వానాకాలానికి జారుతుంది. తవ్విన మట్టిని బాటకు దూరంగా పల్చగా చల్లేయండి. సముద్రం పక్కన ఇంకో జాగ్రత్త ఉంది. బాట మీది నీటిని గొట్టంలోనో కాలువలోనో చేర్చి గట్టు అంచుకు వదలకండి. గట్టు కోతకు అంతకంటే వేగమైన మార్గం లేదు.

ఇసుక తిన్నెల మీద

ఇక్కడ తొందర పనికిరాదు. తిన్నెను పట్టి ఉంచేది దాని మీది గడ్డీ, పాకే తీగలే. యూరప్ తీరాల్లో పెరిగే మ్యారమ్ గడ్డి ఏడాదికి మీటరు దాకా ఇసుక కప్పేసినా పైకి లేస్తుంది. అంత మొండి మొక్క కూడా కాలి తొక్కిడికి తట్టుకోదు. గడ్డి చచ్చిన చోట చిన్న సందు పడితే గాలి అందులో దూరి వేగం పుంజుకుంటుంది, ఒకటి రెండేళ్లలో అది పెద్ద గుంట అవుతుంది. బాటను సముద్రానికి తిన్నగా కాకుండా, ఎక్కువగా వీచే గాలికి ఏటవాలుగా, ఒకటి రెండు మలుపులతో వేయాలి. తిన్నగా వేస్తే గాలికి గొట్టంలాంటి దారి దొరుకుతుంది. తుపాను నీళ్లు లోపలికి రావడానికి కూడా అదే దారి.

జనం తక్కువగా వచ్చే చోటికి గొలుసు పలకలు చాలు. 1.2 మీటర్ల పొడవున్న చెక్క పలకలను 15, 20 సెంటీమీటర్ల ఎడంతో రెండు వైపులా గొలుసుకు బిగించి, నిచ్చెనలా ఇసుక మీద పరుస్తారు. ఇసుక కప్పేస్తే ఇద్దరు మనుషులు లాగి పైకి తీసి మళ్లీ పరుస్తారు. తుపాను కబురు వస్తే చుట్టి లోపలికి తెచ్చేస్తారు. కాంక్రీటు మెట్లు వేసినచోట కింద ఇసుక జారిపోయి మెట్లు గాలిలో వేలాడతాయి. వాటిని పగలగొట్టి తీయడం కట్టడం కంటే కష్టం.

జనం ఎక్కువైతే గుంజల మీద చెక్కబాట కట్టాలి. ఇసుకకు కనీసం 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే కింద మొక్కలకు వెలుతురు, వాన అందుతాయి, ఇసుక కూడా ఆగకుండా జరుగుతుంది. పలకల మధ్య 10 నుంచి 12 మిల్లీమీటర్ల సందు వదలండి. 13 దాటితే చక్రాల కుర్చీ ముందు చక్రాలు ఇరుక్కుంటాయి. పలకలు నడిచే దిశకు అడ్డంగానే ఉండాలి. గుంజల చుట్టూ కాంక్రీటు పోయకండి. సముద్రం వైపు చివరి రెండు మూడు అంకణాలు బోల్టులు విప్పి తీసేసేలా పెట్టుకోండి. తుపానులో ముందు పోయేవి అవే.

ఉప్పుగాలికి మామూలు ఇనుము ఒకటి రెండేళ్లు కూడా ఆగదు. జింక్ పూత కొంత కాలం ఆపుతుంది. తీరానికి సరిపడేది 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. మేకులు వద్దు. చెక్క తడిసి ఉబ్బి, ఎండి కుదించుకుపోతూ మేకును పైకి నెట్టేస్తుంది, అది పాదంలో దిగుతుంది. స్క్రూలు, బోల్టులు వాడండి. జింక్ పూత బ్రాకెట్‌కు స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తే ఉప్పు తడిలో జింక్ త్వరగా కరిగిపోతుంది. రెండూ ఒకే లోహం అయ్యేలా చూసుకోండి.

చెడిన తిన్నె మళ్లీ పెరగాలంటే ఇసుకను ఆపే కంచె కావాలి. సుమారు 1.2 మీటర్ల ఎత్తు, సగం ఖాళీ సగం కర్ర. పూర్తిగా మూసిన గోడ కడితే గాలి దాని మొదట్లో ఇసుకను తవ్వేస్తుంది. తాబేళ్లు గుడ్లకు ఎక్కే తీరమైతే కంచెను ఏకబిగిన లాగకుండా 3 మీటర్ల ముక్కలుగా, మధ్యలో 2 మీటర్ల ఖాళీ వదిలి, ఒడ్డుకు ఏటవాలుగా నిలబెట్టండి. నాటేది ఆ తీరపు సొంత మొక్కలే కావాలి. సరుగుడు త్వరగా పెరుగుతుందని నాటినచోట దాని రాలిన ఆకుల కింద వేరే మొక్క మొలవదు. ఫ్లోరిడాలో దాని వేళ్లు, పడిన మానులు తాబేళ్లకు అడ్డమవుతున్నాయని తీరాల నుంచి తీసేస్తున్నారు.

మనుషులూ పక్షులూ ఒకే ఒడ్డున

ఉల్లంకి జాతి చిన్న పక్షులు గూడు కట్టవు. ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గులకరాళ్ల రంగులో ఉన్న ఆ గుడ్లు అడుగు దూరం నుంచి చూసినా కనబడవు. తల్లి బెదిరి లేచిన కాసేపట్లో గుడ్డు ఎండకు ఉడికిపోతుంది, లేదా కాకి ఎత్తుకుపోతుంది. గుడ్ల కాలంలో ఆ మేట చుట్టూ గుంజలు పాతి నడుము ఎత్తున ఒక తాడు కట్టండి. కాలిఫోర్నియాలోని కోల్ ఆయిల్ పాయింట్ దగ్గర 2001లో తాడు కంచె, పక్కన నిలబడి వచ్చినవాళ్లకు వివరించే స్వచ్ఛంద కార్యకర్తలు, ఈ రెండిటితోనే దశాబ్దాలుగా గుడ్లు పెట్టని మంచు ఉల్లంకులు మళ్లీ పిల్లలు చేశాయి. ‘ప్రవేశం లేదు’ అన్న బోర్డు కంటే ‘ఇక్కడ గుడ్లు ఉన్నాయి, మీ బాట ఎడమవైపు’ అన్న బోర్డు బాగా పనిచేస్తుంది.

రోజూ ఖాళీ చేయలేని చోట చెత్తబుట్ట పెట్టకండి. పొంగిన బుట్ట కాకుల్నీ కుక్కల్నీ పిలుస్తుంది, అవి గుడ్ల దాకా వెళ్తాయి. దీపాలు తప్పనిసరైతే మోకాలి ఎత్తున, పైనా సముద్రం వైపూ మూసి, 560 నానోమీటర్లకు మించిన తరంగదైర్ఘ్యమున్న పసుపు, ఎరుపు వెలుగునే వాడాలి. తెల్ల దీపం ఉంటే తాబేలు పిల్లలు సముద్రానికి బదులు దాని వైపే పాకుతాయి. ఇక బండ్లు నిలిపే స్థలం ఎంత పెద్దదిగా కడితే జనం అంతగా వస్తారు. నేల ఎంతమందిని మోయగలదో ముందు తేల్చుకుని ఆ లెక్కనే కట్టండి.

తెరిచాక

మొదటి గట్టి వానలో గొడుగు, పార పట్టుకుని బాటంతా నడవండి. నీరు ఎక్కడ నిలుస్తోందో, ఎక్కడ బాట వెంట పారుతోందో ఆ గంటలో తెలిసినట్టు మరెప్పుడూ తెలియదు. నిలిచినచోట బయటి అంచు గమనిస్తే సాధారణంగా కాళ్లు నెట్టిన మట్టి సన్నని కట్టలా పేరుకుని ఉంటుంది. దాన్ని ఏడాదికోసారి చెక్కేయాలి. ప్రతి తుపాను తర్వాతా మొదట్లో పాతిన రాయి నుంచి గట్టు అంచు దూరం మళ్లీ కొలవండి.

బాట జరపాల్సిన రోజు వస్తుంది. కొత్తది సిద్ధమయ్యాకే పాతది మూయండి. గట్టి నేల అయితే పాత బాటను పలుగుతో 15, 20 సెంటీమీటర్ల లోతున పెళ్లగించి, దగ్గరి మొక్కల విత్తనం చల్లి, పైన ఎండు కంప పరవండి. అంచులో పగుళ్లున్న చోట మాత్రం పలుగు దింపకండి, కంప ఒక్కటే చాలు. కొత్త బాట మీద నిలబడ్డవాడికి పాత బాట మొదటి 10 మీటర్లు కనిపించకూడదు. ఆ మేర కంప దట్టంగా వేయండి, మిగతాది గడ్డే కప్పుకుంటుంది.