హనోయ్‌లో రాత్రి షికారుకు బయల్దేరే ముందు

ముందు పర్సు చూసుకోండి. 20,000 డాంగ్‌ల నోటూ 5,00,000 డాంగ్‌ల నోటూ రెండూ నీలమే. మసక వెలుతురులో ఒకటి ఇవ్వబోయి ఇంకొకటి ఇస్తే పోయేది 25 రెట్లు! పెద్ద నోట్లు వేరే అరలో పెట్టండి.

శాకాహారులకు అసలు టెన్షన్ చేపల సాస్. మాంసం వద్దన్నా పులుసులోనో చట్నీలోనో అది ఉంటుంది. ‘ఆన్ చై’ అంటే శాకాహారం (మన చాయ్ కాదు), ఫోన్‌లో వియత్నామీస్‌లో రాసి చూపించడం మేలు. వేరుశనగ పడనివాళ్లు ఆ మాటా రాసుకోండి. పొయ్యి మీద నుంచి నేరుగా గిన్నెలోకి వచ్చేదే తినండి.

థాంగ్ లాంగ్ థియేటర్‌లో నీటి బొమ్మలాటకు టికెట్ ముందే తీసుకోండి. మన తోలుబొమ్మల్లా కాదు, చెక్కబొమ్మలు నీళ్లమీద ఆడతాయి. భాష రాకపోయినా నవ్వొస్తుంది.

రోడ్డు దాటేటప్పుడు పరుగెత్తొద్దు, వెనక్కి తగ్గొద్దు. నెమ్మదిగా ఒకే వేగంతో నడిస్తే బైకులే తప్పుకుంటాయి. బస్సులు తప్పుకోవు.

తా హియెన్ వీధిలో ఒక్క బీరు తాగినా బండి ముట్టుకోవద్దు. 2020 నుంచి వియత్నాంలో చుక్క తాగి బండి నడిపినా జరిమానాయే.

శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హోన్ కియెమ్ సరస్సు చుట్టూ వాహనాలు రానివ్వరు. క్యాబ్ కోసం బయటి వీధిదాకా నడవాలి, చెప్పులు చూసి వేసుకోండి.