వారానికి మూడు రోజుల పని: ముందు గ్రాట్యుటీ తేల్చుకోండి, తర్వాత జీతం తగ్గించుకోండి

ప్రైవేటు కంపెనీల్లో 56, 57 ఏళ్లు వచ్చేసరికి చాలామంది అడిగే మాట ఇది: "పూర్తిగా మానేయను, వారానికి మూడు రోజులు వస్తాను." చాలా చోట్ల ఒప్పుకుంటారు కూడా. పని తెలిసిన మనిషి తక్కువ జీతానికి ఉంటానంటే కాదనడం కష్టం. అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. జీతంతోపాటు గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే సొమ్ము) కూడా పడిపోయిందని ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం చేతికొచ్చాక గానీ తెలియదు.

గ్రాట్యుటీని చివరిగా తీసుకున్న వేతనం మీద కడతారు: వేతనం (ప్రధానంగా బేసిక్, డీఏ) × 15 ÷ 26 × సర్వీసు సంవత్సరాలు. బేసిక్, డీఏ 60,000, సర్వీసు 26 ఏళ్లు అయితే 9,00,000 వస్తుంది. అదే ఉద్యోగి సగం జీతానికి మారి ఇంకో రెండేళ్లు చేసి దిగితే 30,000 × 15 ÷ 26 × 28, అంటే సుమారు 4,84,600. రెండేళ్లు అదనంగా పనిచేసి నాలుగు లక్షల పైచిలుకు పోగొట్టుకున్నట్టు. పాత జీతం కాలాన్ని, తగ్గిన జీతం కాలాన్ని వేర్వేరుగా లెక్కగట్టాలని చట్టం చెప్పేది అంగవైకల్యం వచ్చి తక్కువ జీతానికి మారినవారి విషయంలోనే. మనంతట మనం తగ్గించుకుంటే ఆ రక్షణ ఉండదు.

లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌దీ ఇదే దారి. మిగిలిన సెలవులకు రోజుకింత అని ఇచ్చేది అప్పటి జీతాన్ని బట్టే. పన్ను మినహాయింపును కూడా చివరి పది నెలల సగటు జీతం మీద లెక్కిస్తారు (గరిష్ఠం 25 లక్షలు).

అందుకని మా సలహా ఒక్కటే. పూర్తి జీతం మీద ఉండగానే రిటైరై లేదా రాజీనామా చేసి, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు తీసుకోండి. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక కొత్త నియామక పత్రంతో చేరండి. అయిదేళ్ల సర్వీసు దాటితే రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది, 30 రోజుల్లో చెల్లించాలి. అయితే కొత్త ఒప్పందం ఖరారై సంతకాలయ్యాకే రాజీనామా ఇవ్వండి. నోటిమాట నమ్మి ముందే ఇచ్చేస్తే బేరమాడే బలం పోతుంది.

కంపెనీ అలా కుదరదంటే రెండో దారి ఉంది. "ఫలానా తేదీ వరకు ఉన్న సర్వీసుకు ఆనాటి పూర్తి వేతనం మీద, ఆ తర్వాతి సర్వీసుకు తగ్గిన వేతనం మీద గ్రాట్యుటీ లెక్కిస్తాం" అని లెటర్‌లో రాయించుకోండి. చట్టం ఇచ్చేదానికంటే మెరుగైన షరతులను ఒప్పందంలో పెట్టుకోవచ్చు, వాటిని చట్టం అడ్డుకోదు.

పెన్షన్ సంగతి. ఈపీఎస్ (పీఎఫ్‌తోపాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్‌కు చివరి 60 నెలల సగటు జీతం తీసుకుంటారు, గరిష్ఠ పరిమితి 15,000. జీతం సగమైనా బేసిక్, డీఏ 15,000 పైనే ఉంటే మామూలుగా నష్టం లేదు. 12,000కు దిగితే మాత్రం సగటు తగ్గుతుంది. 58 నిండకముందే ఉద్యోగం వదిలి ఫీజుకు పనిచేసే కన్సల్టెంట్‌గా మారితే పెన్షన్ సర్వీసు అక్కడితో ఆగిపోతుంది. పదేళ్ల సర్వీసు నిండనివారు ఈ ఒక్క కారణానికైనా పేరోల్‌లోనే (జీతం తీసుకునే ఉద్యోగిగానే) ఉండాలి.

ఇక అడిగే పద్ధతి. ఏప్రిల్ నుంచి మార్పు కావాలంటే అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కదపండి. బడ్జెట్ ఖరారయ్యాక అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. దానికి ముందు రెండు వారాలపాటు ఏ అరగంట ఏ పనికి పోయిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత ఆ పనులను విడదీయండి: మీరు మాత్రమే చేయగలిగినవి, మూడు నెలల్లో ఇంకొకరికి నేర్పగలిగినవి, అసలు అక్కర్లేనివి. మీటింగుకు ఈ కాగితం తీసుకెళ్లండి. అలసట, మోకాళ్ల నొప్పులతో మొదలుపెడితే మీరు వెళ్లిపోయే మనిషని ముద్ర పడుతుంది. ఇలా మొదలుపెట్టొచ్చు:

"సార్, ఏప్రిల్ నుంచి వారానికి మూడు రోజులు చేద్దామనుకుంటున్నాను. ఆడిట్లు, ఆ ఇద్దరు పెద్ద కస్టమర్ల పని నేనే చూసుకుంటాను. స్టోర్స్ రిపోర్టులు, బిల్లింగ్ జనవరికల్లా జూనియర్లకు నేర్పించి అప్పజెబుతాను. మూడు నెలలు చూసి, అవసరమైతే మార్చుకుందాం."

రోజూ సగం పూట పని అడగకండి. రెండింటికి లేవాల్సినవాళ్లు అయిదు దాకా ఉండిపోతారు, ప్రయాణమూ తగ్గదు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్లేవారికి ఈ బాధ చెప్పక్కర్లేదు. మూడు పూర్తి రోజులే మేలు. అయిదు రోజుల వారమైతే జీతం 60 శాతం, ఆరు రోజులదైతే 50 శాతం అడగాలి. ఈ శాతం మొత్తం సీటీసీకి (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుకు) వర్తించాలి. బేసిక్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకుని అలవెన్సులు ఎగ్గొట్టే ప్రతిపాదన వస్తే ఒప్పుకోకండి.

"కన్సల్టెంట్‌గా ఉండండి" అంటే తొందరపడకండి. అందులో పీఎఫ్, గ్రాట్యుటీ, జీతంతో కూడిన సెలవులు ఉండవు. ఫీజులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి రోజువారీ ఫీజు పాత రోజు జీతం కంటే ఎక్కువ ఉండాలి. నిర్ణీత కాల ఉద్యోగం దీనికంటే నయం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం అలాంటివారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు ఉంటుంది.

తరచూ చెడేది ఇక్కడే: జీతం తగ్గుతుంది, పని తగ్గదు. సెలవు రోజున ఫోన్లు వస్తూనే ఉంటాయి. మేనేజర్ మారితే పాత మాట ఎవరికీ గుర్తుండదు. అందుకే లెటర్‌లో ఏ రోజులు, ఏ పనులు, అదనపు రోజుకు ఎంత, సమీక్ష ఏ తేదీన, ఎవరు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి అన్నవి ఉండాలి.

సంతకానికి ముందు గ్రూప్ మెడిక్లెయిమ్ (కంపెనీ ఉద్యోగులకు ఇచ్చే ఆరోగ్య బీమా) గురించి హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగండి. కొన్ని పాలసీలు పూర్తికాలపు ఉద్యోగులకే వర్తిస్తాయి. మీ పేరు తీసేస్తారని తెలిస్తే, కవర్ ముగియకముందే అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారండి. మధ్యలో ఖాళీ వచ్చి కొత్తగా పాలసీ తీసుకుంటే, ఇప్పటికే ఉన్న షుగర్, బీపీలకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ (వాటికి బీమా వర్తించని కాలం) పెట్టవచ్చు.