బీచ్‌లో కాళ్ళకి తారు అంటుకుంటే పెట్రోల్ రాయకండి

మొన్న ఆదివారం కళింగపట్నం బీచ్‌కి వెళ్ళాం, ఇసకలో ఆడుతుంటే మా చిన్నదాని అరికాలికి నల్లగా జిగురుగా ఏదో అంటుకుంది, నీళ్ళతో ఎంత కడిగినా పోదు సరికదా ఇంకా పాకుతోంది. అది తారు ఉండ. ఓడల నుంచి సముద్రంలో పడిన ముడిచమురు ఎండకీ అలలకీ ముద్దకట్టి ఇలా ఒడ్డుకి కొట్టుకొస్తుంది. పైకి ఎండిన పేడ పెంకులా ఉంటుంది గానీ తొక్కితే లోపల మెత్తగా సాగుతుంది.

చాలామంది వెంటనే బండిలోంచి పెట్రోల్ తీసి రాసేస్తారు, పిల్లల చర్మానికి అస్సలు వద్దు, మండిపోద్ది. కొబ్బరినూనె బాగా పట్టించి ఒక 5 నిమిషాలు ఆగి పాత గుడ్డతో తుడవండి, తర్వాత సబ్బు. మాకు రెండోసారికి మొత్తం వచ్చేసింది. అందుకే బీచ్‌కెళ్తే బ్యాగులో చిన్న సీసా నూనె పెట్టుకోండి.

ఇంకోటి, ఒడ్డున నిలిచిన నీటి మీద రంగురంగుల తెట్టు కనిపిస్తే పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగి విడివిడిగా ఉండిపోతే అది బ్యాక్టీరియా పొర, మళ్ళీ వచ్చి కలిసిపోతే మాత్రం చమురే, అందులో పిల్లల్ని దించొద్దు.

పెద్ద వాన పడ్డాక కూడా ఒక 2, 3 రోజులు ఆగండి, కళింగపట్నం దగ్గర వంశధార నది సముద్రంలో కలుస్తుంది కదా, ఊళ్ళ మురుగంతా గెడ్డల్లోంచి, అంటే వాగుల్లోంచి, అటే వస్తుంది.