సెయింట్ బెర్నార్డ్ కుక్క చరిత్రను పరిశీలించడం ఎలా?

ఒక కుక్క జాతి చరిత్ర తెలుసుకోదలచినవారు ముందుగా అది పనిచేసిన చోటును, ఆ తరువాత కాలం తెలిసిన ఆధారాలను చూడాలి; ప్రచారంలో ఉన్న కథల జోలికి చివరనే వెళ్లాలి.

సెయింట్ బెర్నార్డ్ పనిచేసిన చోటు స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దున 2,469 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ. మంచులో చిక్కుకునే బాటసారుల కోసం 11వ శతాబ్దంలో బెర్నార్డ్ అనే క్రైస్తవ మతాధికారి అక్కడ సత్రం నెలకొల్పారు. అయితే కుక్కలు కూడా ఆనాటి నుంచే ఉన్నాయని రాయకండి. వాటి చిత్రాలు 17వ శతాబ్దం చివరివి, సత్రాన్ని నడిపిన సన్యాసుల లిఖిత ప్రస్తావన 1707 నాటిది. నడుమనున్న ఆరు వందల ఏళ్లను ఊహతో నింపకూడదు.

తరువాత పని గమనించండి. మొదట కాపలాకు ఉంచిన కుక్కలే, మంచులో దారి పట్టే నేర్పు వల్లా, కూరుకుపోయిన మనిషిని వాసనతో పసిగట్టే శక్తి వల్లా, క్రమంగా బాటసారులను వెతికే సేవకుల వెంట వెళ్లసాగాయి.

అత్యంత జాగ్రత్త అవసరమైనది బ్యారీ కథ. 1800 నుంచి 1814 వరకు జీవించిన ఈ కుక్క నలభై మందికి పైగా కాపాడిందని చెబుతారు. కాపాడబోయిన మనిషి చేతిలోనే చనిపోయిందన్న మాట మాత్రం నిజం కాదు. వయసు మళ్లాక బెర్న్ నగరానికి చేర్చగా అది అక్కడే మరణించింది. దాని చర్మంతో చేసిన నమూనా ఆ నగరపు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. 1923లో దానిని తిరిగి మలచినప్పుడు, అప్పటి సెయింట్ బెర్నార్డ్‌ల పోలిక వచ్చేలా తల ఆకారం మార్చారు గనుక, బ్యారీ ముఖం అచ్చంగా అలాగే ఉండేదని నిర్ధారించకండి. ఎంతో విలువైన ఆధారాన్ని కూడా ప్రశ్నించి చూడవలసి ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. ఈ కుక్కలు మెడలో బ్రాందీ పీపా మోసేవన్న ప్రచారానికి ఆంగ్ల చిత్రకారుడు ఎడ్విన్ లాండ్సీర్ 1820లో గీసిన చిత్రం బలమిచ్చింది; తమ కుక్కలు పీపాలు మోసేవన్న మాటను సత్రం సన్యాసులు అంగీకరించలేదు.

ఇక పొడవాటి వెంట్రుకల సంగతి. 1830 ప్రాంతంలో న్యూఫౌండ్‌లాండ్ జాతితో కలపడం వల్ల అవి వచ్చాయి. వాటికి మంచు గడ్డకట్టి బరువెక్కడంతో అటువంటి కుక్కలు కనుమలో పనికి తగలేదు. స్విస్ వంశావళి పుస్తకం 1884లో మొదలైంది, 1887లో జ్యూరిచ్ సమావేశం ఈ జాతి రూపురేఖలు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాన్ని ఆమోదించింది. కాబట్టి అంతకు ముందరి చిత్రాల్లోని కుక్కలను నేటి ప్రమాణంతో కొలవకుండా, అవి ఏ పని చేసేవో చూసి గుర్తించండి.