చదరంగ పాఠాలు – 9: లాస్కర్ పన్నెండో ఎత్తు

పోయిన పాఠంలో రూయ్ లోపెజ్ ఆరంభంలోని మూడు ఎత్తులు చూశాం. తెల్ల శకటు (బిషప్) బి5లో ఉంది, నల్లవారు ఎ6 ఆడారు. ఈసారి శకటు వెనక్కి తగ్గదు, సి6లోని గుర్రాన్ని చంపేస్తుంది. దీన్నే ఎక్స్ఛేంజ్ వేరియేషన్ అంటారు.

1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్ టోర్నమెంటు ఫైనల్ దశలో ప్రపంచ విజేత లాస్కర్, పాతికేళ్ళ కపబ్లాంకాపై దీన్నే ఎంచుకున్నాడు. పాయింట్లలో వెనకబడిన లాస్కర్‌కు గెలుపు కావాలి. కపబ్లాంకాకు డ్రా చాలు. ఏడో ఎత్తుకే మంత్రులు రెండూ పోయే ఆరంభంతో గెలవడమేమిటి?

బల్ల మీద పెట్టి చూడండి (x అంటే చంపడం):
1. ఇ4, ఇ5
2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6
3. శకటు బి5, ఎ6
4. శకటు x సి6, డి బంటు x సి6
5. డి4, బంటు x డి4
6. మంత్రి x డి4, మంత్రి x డి4
7. గుర్రం x డి4, శకటు డి6

రాజు వైపున తెల్లవారికి నాలుగు బంట్లు, నల్లవారికి మూడు. అవతలి వైపు నల్లవారి సి బంట్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి. మిగతా బలగమంతా మార్పిడైపోతే గెలుపు తెల్లవారిదే. నల్లవారికి దక్కింది శకట్ల జత. దాన్ని చురుగ్గా వాడుకోవాలి. డ్రా చాలనుకుని కూర్చునేవాడికి ఈ ఆరంభం అచ్చిరాదు.

8. గుర్రం సి3, గుర్రం ఇ7
9. ఇద్దరూ క్యాస్లింగ్
10. ఎఫ్4, ఏనుగు ఇ8
11. గుర్రం బి3, ఎఫ్6
12. ఎఫ్5!

పుస్తకాల లెక్కన ఇది తప్పుడు ఎత్తు. ఇ4 బంటు వెనకబడింది, ఇ5 గడి నల్లవారికి దొరికింది. కానీ సి8 శకటు దారి మూసుకుపోయింది, ఇ6 గడి మెత్తబడింది. ఇ5లో నల్ల గుర్రం కుదురుకుంటే లాస్కర్‌కు చిక్కే. అదెన్నడూ అక్కడికి చేరలేదు. పైగా 13వ ఎత్తులో కపబ్లాంకా శకటును బి7కి తీసి ఇ6 కాపలా తనే వదిలేశాడు. బి3 గుర్రం డి4 మీదుగా 16వ ఎత్తుకు ఇ6 చేరి, 37వ ఎత్తు దాకా అక్కడే తిష్ఠ వేసింది.

అభ్యాసం: 34వ ఎత్తు తర్వాతి స్థితి ఇది.
తెలుపు: రాజు జి3, ఏనుగులు హెచ్1, హెచ్3, గుర్రాలు సి3, ఇ6, బంట్లు బి4, సి2, ఇ4, ఎఫ్5, జి4.
నలుపు: రాజు ఇ8, ఏనుగులు డి7, జి8, శకటు బి7, గుర్రం బి6, బంట్లు బి5, సి6, డి6, ఎఫ్6, జి5.

లాస్కర్ ఇక్కడ ఒక బంటును బలిచ్చాడు. సి3 గుర్రానికి ఏ గడి కావాలో ముందు ఆలోచించండి. జవాబు పదో పాఠంలో.